విమానం పోయేదాకా

శంషాబాద్ రన్‌వే పక్కనే మా ఊరు. నెత్తిమీదికి విమానం వచ్చిందంటే మాట్లాడేవాళ్లు ఎక్కడి మాట అక్కడే ఆపేస్తారు. అది పోయాక ఆపినచోటి నుంచే అందుకుంటారు. వినేవాళ్లు కూడా మాట పూర్తయ్యేదాకా కదలరు. పెళ్లి మాటల్లోనూ అంతే, తగాదాల్లోనూ అంతే. కొత్తవాళ్లు చూసి నవ్వుతారు. నవ్వుకోనీ.

కుర్మయ్య మనవరాలు సరిత ఇంటర్ మొదటి సంవత్సరం. గేములంటే ప్రాణం. మూడు నెలల కింద పేరు చెప్పని కంపెనీ ఏదో సరితకు ఒక పెట్టె పంపింది. అందులో నల్లటి కళ్లద్దాలు, ఇంకా బయటికి రాని గేము. ఆడి చూసి తప్పులు చెప్పాలట. అద్దాలు పెట్టుకుంటే ఎదురుగా ఉన్న ఊరు, మనుషులు మాయమై వేరే లోకం కనిపిస్తుంది. నడవాల్సింది మాత్రం సొంత కాళ్లతోనే. మధ్యలో తీసినా, ఓడినా పేరు కొట్టేస్తారు. వేలమందిలో తనను ఎంచుకున్నారని సరిత నేలమీద నిలవలేదు. ఇంట్లో మాత్రం చదువు కోసమని చెప్పింది. పదహారేళ్ల పిల్లకు ఇలాంటివి పంపేవాళ్లను ఏమనాలో నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను.

నెల తర్వాత ఒక సాయంత్రం నాలుగింటికి చివరి దశ. ప్లాట్లు చేసి వదిలేసిన పాత పొలాల్లోకి గేము దాన్ని నడిపించింది. అక్కడ తుప్పల మధ్య ఒక వ్యవసాయ బావి ఉంది. చుట్టూ గోడ లేదు, వానలకు నిండి పైన పచ్చగా నాచు కట్టి నేలలాగే ఉంటుంది. సరితకు తెలియదా అంటే, పుట్టినప్పటి నుంచి తెలుసు. కానీ అద్దాల్లో పొలం లేదు, కోట ఉంది. బావి ఉన్నచోట రాతి వంతెన, దాని అవతల దీపం. దీపం అందుకోవడానికి ఇరవై సెకండ్లు. లెక్క మొదలైంది.

"సరితా" అని వెనక నుంచి నానమ్మ రుక్కమ్మ గొంతు వినిపించింది. అంతలోనే విమానం వచ్చింది.

రుక్కమ్మ అల్లంత దూరంలో గడ్డి కోస్తోంది. పిల్ల బావి వైపు పోతుంటే చూసి కేకేసింది. మోత వినగానే పదిహేనేళ్ల పాడు అలవాటు ఆమె నోరు మూసేసింది. కొడవలి పారేసి పరుగెత్తింది. మోకాళ్ల నొప్పుల మనిషి ఎంతని పరుగెత్తుతుంది?

సరిత ఒక కాలు ఎత్తింది. తొమ్మిది, ఎనిమిది. దాటకపోతే నెల రోజుల కష్టం మట్టిలో కలుస్తుంది. కానీ నానమ్మ పిలిచింది, పిలిచిన పని ఇంకా చెప్పలేదు. ఎత్తిన కాలు వెనక్కి పెట్టి నిలబడింది. మూడు, రెండు. ఓడిపోతున్నందుకు దానికి ఏడుపొచ్చింది. అద్దాలు ఎర్రబడ్డాయి.

మోత తగ్గింది.

"బాయి ఉన్నది బిడ్డా. గాడనే నిలబడు."

సరిత అద్దాలు తీసింది. బొటనవేలికి జానెడు దూరంలో నాచు. రుక్కమ్మ వచ్చి ముందు చెంప పగలగొట్టింది, తర్వాత గట్టిగా పట్టుకుని వదల్లేదు.

"నా నోరెందుకు మూతపడ్డదే" అని ఏడ్చింది.

"నువ్వు చెప్పుడు అయిపోలేదని ఆగిన నానమ్మా" అంది సరిత.

ఎందుకు ఆగారని కంపెనీ ఫారంలో అడిగింది. 'అక్కడ బావి ఉంది. మా నానమ్మ మాట్లాడుతోంది' అని రాసి, సరిత పెట్టె తిరిగి పంపేసింది. జవాబు రాలేదు. బావి చుట్టూ మేమే ముళ్లకంప వేశాం.

రుక్కమ్మ మాత్రం ఆ రోజు నుంచి విమానానికి ఆగదు. మేమందరం నోళ్లు మూసుకుని నిలబడితే ఆమె ఒక్కతే మాట్లాడుతూ ఉంటుంది. ఒక్క ముక్క వినపడదు. సరిత మాత్రం చేతిలో పని ఆపేసి, మోత పోయేదాకా ఆమె పెదాలనే చూస్తూ ఉంటుంది.