అమల తవ్విన ఎర్తు గుంత

మా అమల మొదట సాధించిన విజయం ఒక నిశ్శబ్దం. ఎలక్ట్రిక్ గిటారును కంప్యూటరుకు తగిలించి, తీగ ముట్టకుండా ఊరకే కూర్చుంటే స్పీకర్లలో ఏ మోతా రాకపోవడం. ఇదేం గొప్ప అని కొందరికి అనిపించవచ్చు. బంగారుపాళ్యం చుట్టుపక్కల పల్లెల్లో కరెంటు ఎట్లా వస్తుందో తెలిసినవాళ్లకు అనిపించదు. దానికోసం ఆ పిల్ల ఏడాదికి పైగా కష్టపడింది. అది సాధించిన రోజు ఆ గదిలో నేనూ ఉన్నాను.

నా గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. మా కాలనీకి కరెంటు స్తంభాలు తెప్పించిన అర్జీ నేను రాసిందే. చర్చికి మొదటి మైకుసెట్టు కొనిపించింది నేను. చిత్తూరు క్రైస్తవ సభల్లో పాటల పోటీకి మా బృందాన్ని నడిపించుకొనిపోయి కప్పు తెచ్చింది కూడా నేనే. ఆ కప్పు ఇప్పటికీ చర్చి బీరువాలో ఉంది, ఎవరైనా చూడవచ్చు. నా తర్వాత మా ఇంట్లో చెప్పుకోదగిన మనిషి ఎవరంటే నా తమ్ముడు కుప్పయ్య కూతురు అమలే.

మామిడి కాలంలో ఆమెకు గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరే పని. మిగతా నెలల్లో ఇంట్లో కుట్టుమిషను. ఆదివారం చర్చిలో గిటారు. కూడబెట్టిన డబ్బుతో పాత ల్యాప్‌టాప్ ఒకటి కొనింది. గిటారుకూ కంప్యూటరుకూ నడుమ పెట్టే చిన్న పెట్టె ఒకటి తిరుపతి నుంచి తెప్పించుకుంది. ఆ పెట్టె లేకుండా గిటారును నేరుగా కంప్యూటరుకు గుచ్చితే వచ్చే శబ్దం నేను విన్నాను. రేకు డబ్బాలో శెనగలు పోసి ఊపినట్టుంటుంది.

పెట్టె వచ్చాక కూడా తిప్పలు తీరలేదు. తీగ మీటిన కాసేపటికి శబ్దం వచ్చేది. దాన్ని ఏవో లెక్కలు మార్చి సరిచేసుకుంది. గట్టిగా వినపడాలని శబ్దం పెంచితే గుడ్డ చినిగినట్టు చిరిగేది. "లోపలికి పొయ్యేటప్పుడు తక్కువ పోవాల పెదనాయనా, పెంచేది తర్వాత పెంచుకోవచ్చు" అని నాకు చెప్పింది. అన్నిటికన్నా మొండిది గుయ్యిమనే మోత. ట్యూబులైటు ఆర్పితే కొంత తగ్గేది, ఫ్యాను ఆపితే ఇంకొంత. గిటారును ఏ పక్కకు తిప్పి పట్టుకుంటే మోత తక్కువో చూసుకుంటూ గదిలో మూలమూలకూ తిరిగేది.

మా కాలనీని ఆనుకొని పొలమున్న మునిశేఖర్ రోజూ పాలు పోయడానికి వస్తాడు. ఒకనాడు కిటికీలోంచి అది చూశాడు.

"ఏందబ్బా కుప్పయ్యా, మీ పాప గిటారు ఎత్తుకోని గోడలకు సూపిస్తా ఉండాదే. గోడలు కొంటాయా ఏంది?"

"నీ ఎనుములు పాటలు ఇంటాయా శేఖరన్నా?" అని లోపలినుంచే అమల అడిగింది.

"మా ఎనుములకు చెవులు బాగనే ఉండాయి పాపా. అందుకే మీ ఇంటి దిక్కుకు రావు."

మోతకు అసలు కారణం ఆమే కనిపెట్టింది. మా ఇళ్లకు ఎర్తు లేదు, అంటే దారి తప్పిన కరెంటు నేలలోకి దిగే తోవ లేదు. ప్లగ్గుకు మూడు కాళ్లున్నా మూడో కాలు ఉత్త గోడలోకి పోయి ఆగిపోతుంది. అందుకని ఇంటి వెనక, కొళాయి పక్కన, తండ్రీకూతుళ్లు నడుము లోతు గుంత తవ్వారు. రాగి కడ్డీ నాటి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా పోసి, ఎండాకాలమంతా ఆ మట్టి ఆరకుండా నీళ్లు పోసుకుంటూ వచ్చారు. కడ్డీ నుంచి తీగ లాగి ప్లగ్గు మూడో కాలికి కలిపారు. ఆ సాయంత్రం నన్ను పిలిచి కూర్చోబెట్టింది.

"ఏమన్నా వినపడతా ఉండాదా పెదనాయనా?"

"ఏమీ లేదు కదమ్మా."

"అదే!" అని చప్పట్లు కొట్టింది. తర్వాత ఒక్క తీగ మీటింది. చర్చి గంట పక్కన నిలబడి విన్నట్టు, ఆ నాదం చివరిదాకా సన్నగా సాగి సాగి ఆగింది. అంతకు ముందు ఆ చివరి భాగాన్ని మోత మింగేసేది.

అక్కడినుంచి ఆమె చేసిన పనులు చెప్తాను. మా చర్చి క్రిస్మస్ పాటలన్నిటికీ గిటారు ఆమెదే. అలిపిరి మెట్లదారిలో పాడుకుంటూ పోయే భజన బృందానికి ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించే ఎల్లప్ప తన వాయిద్యం తెచ్చుకొని ఆమె దగ్గర రికార్డు చేయించుకున్నాడు. విని, "ఇది నా మాండలినేనా? నేను ఇంత బాగ వాయించినానా?" అని రెండుసార్లు అడిగాడు. "వాయించింది నువ్వే మామా, గురక మాత్రం తీసేసినా" అనింది. తిరుపతిలో రికార్డింగు గది నడిపే చక్రధర్ ఆ మాండలిన్ విని ఫోన్ చేశాడు. సెప్టెంబరు నుంచి ఒక పాటల వరుసకు గిటారు మొత్తం నువ్వే వాయించి ఇంటినుంచే పంపమన్నాడు. మా వంశంలో అంతటి పిలుపు నా చిత్తూరు కప్పు తర్వాత ఇదే.

ఈ జూలై మొదట్లో గాలివానకు మునిశేఖర్ పశువుల కొట్టానికి పోయే లైన్లో న్యూట్రల్ తీగ తెగింది. కరెంటు వచ్చే తీగ ఒకటి, తిరిగిపోయే తీగ ఒకటి ఉంటేనే మిషను తిరుగుతుంది. తిరుగు తీగ తెగితే మా పల్లెల్లో లైన్‌మన్ వచ్చేదాకా ఆగరు. ఆ కొసను నేలలో నాటిన ఇనుప కడ్డీకి చుట్టి నీళ్లు పోస్తారు. మునిశేఖర్ కూడా తన పొలంలో అట్లా చేశాడు కానీ పైపైన తడిసినా లోపల ఎండిన నేల, గడ్డి కోసే మిషను మూలిగింది. అప్పుడు అతనికి అమల గుంత గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పకుండా తీగ తెచ్చి ఆమె కడ్డీకి చుట్టాడు. మిషను గిర్రున తిరిగింది.

ఆ గుంత నుంచి ప్లగ్గుకు, ప్లగ్గు నుంచి కంప్యూటరుకు, అక్కడినుంచి గిటారు తీగలకు ఒకటే దారి. కొట్టం నుంచి తిరిగొచ్చే కరెంటు కడ్డీలో దిగేటప్పుడు ఆ దారిన గిటారు దాకా ఎక్కుతుంది. అమల అప్పుడే గది తుడిచి, తడి ఆరకముందే గిటారు పట్టుకుంది. ఎడమచెయ్యి తీగల మీద ఉంది. కొట్టంలో మిషను వేశారు.

అరుపు విని నేను పోయేసరికి కుప్పయ్య మెయిను తీసేశాడు. అమల విసిరేసినట్టు పోయి కుట్టుమిషను కాలి మీద పడిందట. ఎడమ మణికట్టు విరిగి వేలాడుతోంది. ముందు చిత్తూరులో డాక్టరుకు చూపించాం. గుండెకేమీ కాలేదన్నాడు. ఎముకకు పుత్తూరు కట్టు కట్టించాలని కుప్పయ్య పట్టుపట్టాడు. అక్కడే అమలను ఆమె చిన్నమ్మ ఇంట్లో ఉంచాం. కట్టు విప్పి కట్టినప్పుడల్లా చూస్తున్నారు. చిటికెనవేలూ ఉంగరంవేలూ ఇంకా ముడవడం లేదు. ఆ రెండు వేళ్లు తీగను నొక్కకపోతే చక్రధర్ పాటలు ఇంకొకరికి పోతాయి. చక్రధర్ తొందరపెట్టలేదు. ఆగుతానని కూడా అనలేదు.

నేను మునిశేఖర్ కొట్టానికి పోయాను.

"ఏమప్పా శేఖరా, ఎవరి గుంతకు ఎవరు తీగ చుట్టేది?"

"తప్పే పెద్దాయనా. నేల నేలే గదా అనుకుంటి. ఆ పాప గుంతకాడ మిషను ఎంత బాగ తిరిగిందో సూసినావా? నా గుంతలో అంత పట్టు లేదు."

"దాని చెయ్యి విరిచి దాని గుంతను మెచ్చుకుంటా ఉండావా?"

తీగ అప్పుడే తీసేసినానన్నాడు. ఇప్పుడు రోజూ పాలు తెచ్చి మా తమ్ముడి గడప దగ్గర పెట్టి పోతాడు. కుప్పయ్య ఆ చెంబు ముట్టడు. మధ్యాహ్నానికి అవి విరిగిపోతాయి.

అమల పుత్తూరు నుంచి ఫోన్ చేసింది.

"శేఖరన్నను తిట్టొద్దు పెదనాయనా. తీగ తీయించు, సాలు."

"తీసినాడమ్మా."

"ఆయప్ప చెప్పినాడా, నువ్వు సూసినావా?"

పోయి చూశాను. కడ్డీ నుంచి తీసిన మాట నిజమే. తీసి, పక్కనున్న కొళాయి పైపుకు చుట్టాడు! వీధి ఆడవాళ్లంతా బిందెలు పెట్టే పైపు అది. తీగ పీకించి, తిన్నగా బంగారుపాళ్యం పోయి అర్జీ రాశాను. స్తంభాల అర్జీ రాసిన చెయ్యే ఇది. గాలివానకు ఎన్నో ఊళ్లలో తీగలు తెగి లైన్‌మన్‌కు తీరిక లేదు. మూడు ఉదయాలు ఆ ఆఫీసు వరండాలోనే కూర్చున్నాను. మూడోనాడు అతను నా వెంట వచ్చి తెగిన న్యూట్రల్ కలిపాడు.

తర్వాత అమల ఫోనులో చెప్తుంటే ఒక్కొక్కటీ చేశాను.

"చెప్పులు ఏసుకున్నావా?"

"ఏసుకున్నా."

"ముందు టెస్టరు గిటారు తీగ మీద పెట్టు. లైటు ఎలిగిందా?"

"లేదమ్మా."

"ఇంగ స్పీకరు ఏసి ఫోను దగ్గర పెట్టు. గిటారు ముట్టొద్దు."

పెట్టాను. లైను తెగిందేమోనని ఆమెను పిలిచాను.

"వింటా ఉండా పెదనాయనా. మోత లేదు. గుంత ఎండనీయొద్దు. నాయనకు చెప్పు, పాలు కూడా తీసుకోమను."

వేళ్ల సంగతి నేను అడగలేదు. ఆమే చెప్పింది, ఉంగరంవేలు నిన్న కొద్దిగా కదిలిందనీ, చిటికెనవేలు కదల్లేదనీ. గుంతకు పొద్దునా సాయంత్రం నేనే నీళ్లు పోస్తున్నాను. గిటారు మీద గుడ్డ కప్పాను. ఆఖరి కట్టు విప్పించుకొని అమల ఇంటికి వచ్చేది ఆగస్టు పదిహేడు, సోమవారం.