రెడ్డెమ్మ సగానికి సంతకం పెట్టిన రోజు

రేకుల షెడ్డులోంచి వాన చప్పుడు. బయట మాత్రం వెంకటగిరికోట రోడ్డు మీద ఎండ తెల్లగా పరుచుకుని ఉంది. లోపల వేలకొద్దీ పట్టుపురుగులు మల్బరీ ఆకు కొరుకుతున్నాయి. ఆ చప్పుడును వెనక్కి నెట్టుకుంటూ, ఖాళీ గంపతో రెడ్డెమ్మ బయటికి వచ్చింది. వాన వెలిసినా ఆరని బట్టలా ఉంది ఆమె ముఖం.

భర్త వెంకటేశులుకు తుంటి పట్టేసింది. ఆకు కోత, మేత, పెంట తీయడం అన్నీ ఆమెవే. ఏదో ఒకనాడు ఈ షెడ్డుకు తాళం వేసి, రెండు ఆవులతో నెమ్మదిగా బతకాలని, పంట పంటకూ పట్టుగూళ్ల డబ్బులో కొంత కుప్పంలోని సహకార బ్యాంకులో వేస్తూ వచ్చింది. అది మూతపడింది.

నిరుడు, మూతపడ్డ బ్యాంకు లెక్కలు తేల్చే మదనపల్లె ఆఫీసు నుంచి మొదటి కబురు వచ్చింది. వెంటనే సంతకం పెడితే దాచిన దాంట్లో ముప్పావు వంతు ఇస్తామన్నారు. పక్కింటి అనిత మర్నాడే బస్సెక్కింది. రెడ్డెమ్మ కదల్లేదు. పురుగులు పాత చర్మం విడవడానికి తలెత్తి నిద్రపోయే సమయాన్ని ఆ వైపు జ్వరం అంటారు. కొన్ని ముందే లేచినా వాటికి ఆకు వేయరు, అన్నీ లేచేదాకా ఆగుతారు. లేకపోతే పెద్దవీ చిన్నవీ కలిసిపోయి పంట చెడుతుంది. ఎన్నో ఏళ్లుగా ఆమె చేతులకు తెలిసిన న్యాయం అదొక్కటే. ఊళ్లో డబ్బు వేసినవాళ్లంతా ఒక మాట మీదికి వస్తే కలిసి పోదామనుకుంది. వాళ్లు రాలేదు. గడువు పోయింది.

ఇప్పుడు రెండో కబురు. ఈసారి సగమే, మిగతాది వదులుకోవాలి. వద్దనుకుంటే బ్యాంకు భవనం అమ్ముడుపోయేదాకా ఆగాలి. సంతకానికి మర్నాడే ఆఖరు. పురుగులేమో నాలుగో జ్వరం దాటి ఎడతెరిపి లేకుండా తింటున్నాయి.

"ఏంకా, బ్యాంకుకు గూడా జ్వరమొచ్చిందని కూసున్యావా? అది లేసేది కాదులే, సచ్చిపోయింది" అంది అనిత గోడ మీంచి.

"నీకేం తల్లీ, ముందే తిని లేసినావు."

వెంకటేశులు మంచం మీంచి గొణిగాడు. "ఆగితే మొత్తం వస్తాదంట. యాల తొందర?"

"వచ్చేదాకా ఆకు ఎవురు కోస్తారు? నువ్వు కోస్తావా?"

అతను గోడవైపు తిరిగాడు. ఆమెకు జాలి వేసింది, కానీ ఆ జాలిని చూపించే ఓపిక లేకపోయింది. గంప కింద పెట్టి చేతులు చూసుకుంది. ఆకు పసరుకు గోళ్లు నల్లబడ్డాయి. ఆ మిగతా సగం కోసం ఇంకెన్ని పంటలు తీయాలో ఎవరూ చెప్పలేరు.

"అనితా, రేపు పురుగులకు ఆకు ఏస్తావా?"

అనిత గోడ మీంచి ముందుకు వంగింది. పురుగులకు రోగం తగులుతుందని, అవి ఉన్న షెడ్డులోకి పరాయి మనిషిని రానిచ్చే అలవాటు ఆ ఊళ్లో ఎవరికీ లేదు. "నన్నా అక్కా? లోపలికి రమ్మంటాండావా?"

"తానం జేసి రా. అంతే."

మర్నాడు మదనపల్లె బస్సులో ఆమె కిటికీకి తల ఆనించింది. పుంగనూరులో పాలక్యాన్లు దించుతున్న మోతకు కూడా కళ్లు తెరవలేదు.

ఆఫీసులో గుమస్తా సుబ్రమణ్యం కాగితం మీద చెయ్యి పెట్టి ఆపాడు. "మిగిలిన దాని మీద ఇంక హక్కు ఉండదమ్మా. తెలిసే పెడతాండావా?"

"తెలుసప్పా. చెయ్యి తియ్యి."

సంతకంలో ఆఖరి అక్షరం కిందికి జారింది. బయటికి వచ్చి మెట్ల మీద కూలబడింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. చేతికి రాబోయేది ఒక ఆవుకు, కొన్నాళ్ల తిండికి సరిపోతుంది. ఇదే ఆఖరి పంట అనుకోగానే వీపు మీంచి ఏదో దిగినట్టయింది. దిగిన చోట నొప్పి మాత్రం అలాగే ఉంది.

ఆ పంట గూళ్లు అమ్ముడుపోయిన సాయంత్రం రెడ్డెమ్మ వాకిట్లో చాప పరిచింది. ఈ సంగతులు రాసుకోవడానికి వచ్చిన మనిషి, ఆగి ఉంటే మొత్తం వచ్చేదేమో కదా అని అడిగాడు. ఆమె చాప మీద ఒక పక్కకి ఒరిగి, కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"వస్తే రానీప్పా. తీసుకునేదానికి నాకు ఓపిక ఉండొద్దా? పండుకుంటా, నువ్వు పోయిరా."