బాపు కొన్న ఇడ్లీ బండి

హనుమకొండ చౌరస్తాలో ఇడ్లీ పాత్ర మూత తీయగానే ఆవిరి ముఖాన కొడుతుంది. నాకు మా బాపు కారు గుర్తొస్తుంది.

బాపుది వరంగల్‌లో బట్టల దుకాణం. నాకు ఆరేళ్లప్పుడు హైదరాబాద్‌లో ఒక నవాబు వాడిన పాత కారు బేరమాడి వచ్చి, "ఇటలీ బండి కొన్న!" అన్నాడు. నాకు ఇడ్లీ బండి అని వినిపించింది. ఇక రోజూ ఇడ్లీలేనని వాడకట్టంతా చాటాను. బండి వచ్చేరోజు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

పొడుగాటి ఎర్ర కారులోంచి బాపు దొరలా దిగాడు. "రేసులల్ల ఉరికే బండి ఇది!" అంటుండగానే ముందు మూత కింద నుంచి బుస్సుమని ఆవిరి లేచింది. బాపు ముఖం చిన్నబోయింది.

నేను గిన్నె చాపాను. "బాపూ, ఇడ్లీలు ఉడికినయి. మూత తియ్యి!"

నానమ్మ నవ్వలేక అరుగు మీద కూలబడింది. బాపు కూడా పకపకా నవ్వాడు. "ఆగు బిడ్డా, జర సల్లారనీ."

తర్వాత ఆ కారు ఎక్కడ ఆవిరి కక్కి ఆగినా, బాపు నన్ను దగ్గరి హోటల్‌కు తీసుకుపోయి ఇడ్లీలు పెట్టించేవాడు. నా మాట నిలబెట్టడానికే అనుకునేదాన్ని. ఇంజను చల్లారడానికి అంతసేపు పట్టేదని పెద్దయ్యాక తెలిసింది.

అయినా, నేననుకున్నదే నిజమని ఇప్పటికీ నా నమ్మకం.