గండికోట తోటలో అక్క వినాలనుకున్న సన్నాయి

మా అక్క రాజేశ్వరి పులివెందులలో ఏళ్ళ తరబడి పిల్లలకు పాట, వీణ నేర్పింది. ఇప్పుడు ఆమెకు చెవులు పోతున్నాయి. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడి చెవిలో మిగిలింది కూడా ఎక్కువ కాలం నిలవదని కడపలో డాక్టరు చెప్పాడు. మిషన్ పెట్టుకుంటే దగ్గరి మాటలు కొంత అందుతాయి గానీ, పాట మాత్రం రేకు మీద గులకరాళ్ళు పోసినట్టు ఉంటుందట. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు ఆమె నన్ను ఒక్కటే అడిగింది. "సరోజా, ఇది కూడా పోయే లోపల ఒక్కసారి సన్నాయి వినాల." చిన్నప్పుడు మా ఇంటి వెనక గోడకు ఆనుకుని పెళ్ళిళ్ళకు మేళం వాయించేవాళ్ళ ఇల్లు ఉండేది. గురువు దగ్గర కూర్చోకముందే, ఆ గోడ అవతలి సాధన విని అక్క రాగాలు పట్టేసింది. నేనూ ఆ గోడ దగ్గరే ఆడుకున్నాను, నాకు ఒక్కటీ అంటలేదు. ప్రొద్దుటూరులో చీరల కొట్టు నడుపుకునే దాన్ని, అంచు చూసి నేత చెప్పమంటే చెప్తాను గానీ రాగానికీ రాగానికీ తేడా అడిగితే దిక్కులు చూస్తాను.

ఈ ఎండాకాలం గండికోటలో పాత సంగీతం కచేరీలు పెడుతున్నారని మా బజారులో ఫ్లెక్సీ కట్టారు. పాత మహల్లో వీణ, సాయంత్రం తోటలో సన్నాయి మేళం. రాజుల కాలంలో విన్నట్టే వినాలని మైకులు పెట్టరట. మైకులు లేకపోతే అక్కకు ఏం వినపడుతుందని నాకు దిగులు పట్టుకుంది. ఫోన్లో రాసి పంపితే అక్క మాత్రం పొంగిపోయింది. మైకులో వచ్చే సన్నాయి సన్నాయే కాదని ఆమె ఎప్పుడూ అంటుంది. ముందు వరుసలో కూర్చుంటే చాలని తేల్చేసింది. ముందు రోజే నేను పులివెందుల వెళ్ళి ఆమె ఇంట్లో పడుకున్నాను.

పొద్దున పదకొండు దాటాక పులివెందులలో బస్సెక్కి, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరాం. రెండు గంటల లోపు ప్రయాణం, ఆధార్ చూపించాం కాబట్టి ఆడవాళ్ళమని మాకు టికెట్ డబ్బులు పడలేదు. ప్రొద్దుటూరు నుంచి వచ్చేవాళ్ళకు ఇంకా దగ్గర, బస్సులు కూడా ఎక్కువే. రైల్లో వచ్చేవాళ్ళు ఎర్రగుంట్లలో దిగొచ్చు, కాకపోతే అక్కడి నుంచి సిమెంటు లారీల వెనకాల దుమ్ము మింగుతూ రావాలి. దారి పొడుగునా అక్క కిటికీ పక్కన కూర్చుని, కుడి చెవి నా వైపు పెట్టి, వేళ్ళతో తొడ మీద తాళం వేస్తూనే ఉంది. ఏం తాళమని అడిగితే, బస్సు ఇంజను అదురుకు వేస్తున్నానంది.

జమ్మలమడుగు బస్టాండుకు దగ్గర్లోనే ఒక చిన్న మెస్సులో తిన్నాం. రాగి సంగటి, శనక్కాయల ఊరిబిండి పచ్చడి, పుల్లటి పప్పు, ఇద్దరికీ కలిపి రెండు వందలు కూడా కాలేదు. వడ్డించే ఆమె అక్కను ఇంకొంచెం పెట్టనా అని రెండుసార్లు అడిగింది. అక్క పలకలేదు. "ఏందమ్మా, మా సంగటి నచ్చల్యా?" అని ఆమె కొంచెం నొచ్చుకుంది. చెవులు వినపడవని నేను చెప్పాను. ఆమె గిన్నె అక్క ముందుకు తెచ్చి, సంగటి చూపించి, కళ్ళెగరేసింది. అక్క నవ్వి అరచెయ్యి చాపింది. ఇన్ని నెలలుగా నేను ఆమె చెవిలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటున్నాను, ఇదేదో మేలుగా ఉందనిపించింది.

కోటకు బస్సులు ఉన్నాయి గానీ తిరిగి వచ్చే వేళకు దొరుకుతాయన్న నమ్మకం లేదు. అందుకే ఖాదర్ అనే ఆయన ఆటో మాట్లాడుకున్నాం. రానుపోను ఎనిమిది వందలన్నాడు, నేను ఐదు వందలన్నాను. "అమ్మా, నువ్వేమన్నా చీరల కొట్టు పెట్టినావా ఏంది, సగానికి తెగ్గొడ్తాండావు?" అన్నాడు. ఔనని చెప్పేసరికి పగలబడి నవ్వి ఆరు వందల యాభైకి ఒప్పుకున్నాడు. "మీ పాటలు అయ్యేదాకా ఆడనే ఉంటా, తొందరేం పడొద్దు," అన్నాడు. మనిషి మంచివాడు. జమ్మలమడుగు నుంచి అరగంటలో కోట గుమ్మం దాటి లోపలి ఊళ్ళోకి వచ్చేశాం.

నాలుగు గంటలకు కూడా రాళ్ళు కాలుతున్నాయి. పెన్నా లోయ చూడాలనుకునేవాళ్ళు ఆ ఎండలో వెళ్ళకండి, పొద్దున్నే పోయి చూసుకోండి. మహల్లోకి అడుగుపెడితే మాత్రం చల్లగా ఉంది. వంపు తిరిగిన కప్పు కింద చాపలు పరిచారు, ఒక నడివయసు ఆమె వీణ శృతి చేసుకుంటోంది. మేం ముందే వెళ్ళడం వల్ల ఎదురుగా చోటు దొరికింది. వీణ మొదలైంది. నాకు చక్కగా వినిపిస్తోంది. అక్క ముఖం వైపు చూడాలంటే భయం వేసింది. చూస్తే ఆమె కళ్ళు వీణ మెట్ల మీద కదిలే వేళ్ళనే పట్టుకుని ఉన్నాయి. కాసేపటికి నా మోచెయ్యి నొక్కి, "కల్యాణి," అంది, గుసగుస అనుకుని గట్టిగానే. వీణ ఆమె తలెత్తి నవ్వింది, ఔనన్నట్టు. అక్క ఆ గంటంతా అలా కళ్ళతోనే విన్నది. బయటికి వచ్చాక చిన్నపిల్ల మాదిరి మురిసిపోయింది. "చూసినావా, నేను ఇంకా మొత్తంగా పోల్యా," అంది. నాకూ ఆశ పుట్టింది. కానీ సన్నాయికి మెట్లుండవు, ఆమె సన్నాయి ఎప్పుడూ పట్టుకోలేదు. దాన్ని చెవులతో వినాల్సిందే.

ఎండ దిగాక అందరినీ ఒకప్పుడు రాజుల తోట ఉండేదన్న చోటికి తీసుకెళ్ళారు. ఇప్పుడక్కడ నాలుగు వేపచెట్లు, కూలిన గోడ తప్ప ఏమీ లేవు. సన్నాయికి ఒక ముసలాయన, డోలుకు ఆయన బావమరిది, శృతికి ఇంకొకాయన. ముగ్గురూ పెళ్ళిళ్ళకు తిరిగే మేళంవాళ్ళేనని బట్టలు చూస్తేనే తెలుస్తోంది. అక్కను ముందు వరుసలో, కుడి చెవి సన్నాయి వైపు ఉండేలా కూర్చోబెట్టాను. మిషన్ ఆమే తీసి చేతిసంచిలో వేసుకుంది. ఉన్న చెవితోనే వింటానంది.

ముసలాయన నెమ్మదిగా ఎత్తుకున్నాడు. డోలు ఇంకా ఊరుకునే ఉంది. సన్నాయి ఒక్కటే ఎక్కడో లోపలి నుంచి వస్తున్నట్టు సాగుతోంది. అక్క కళ్ళు మూసుకుంది. ముందుకు వంగింది. ఇంకా వంగింది. చెయ్యి చెవి వెనక దోనెలా పెట్టుకుంది. తర్వాత కళ్ళు తెరిచి నా వైపు తిరిగి, "వాయిస్తాండాడా?" అని అడిగింది. తల ఊపాను. ఆమె ముఖం చూస్తుండగానే వాడిపోయింది. ఒక్కసారిగా బావురుమంది. తన ఏడుపు తనకు వినపడదు కదా, ఎంత గట్టిగా ఏడుస్తోందో ఆమెకు తెలియదు. తోటంతా మోగిపోయింది.

మన పెళ్ళిళ్ళు చూసినవాళ్ళకు తెలుసు. తాళి కట్టే వేళ తుమ్ము గానీ ఏడుపు గానీ ఎవరి చెవినా పడకూడదని, ఎవరో ఒకరు వేలెత్తి గట్టిమేళం అంటారు, వెంటనే డోలు, సన్నాయి మిన్ను ముట్టేలా వాయించి అన్ని చప్పుళ్ళనూ కప్పేస్తాయి. పందిట్లోనే బతుకు గడిపిన డోలు ఆయన చేతులు ఆడమనిషి ఏడుపు వినగానే ఆగలేదు. ఎవరూ వేలెత్తకుండానే గట్టిమేళం అందుకున్నాడు. ఆ నెమ్మది రాగం మధ్యలో డోలు పిడుగులా పడింది. ముసలాయన కూడా అలవాటున రాగం వదిలేసి జోరందుకున్నాడు. వెనక నుంచి నవ్వులు వినిపించాయి. నిర్వాహకుల్లో ఒకతను కంగారుగా చేతులూపుతూ పరుగెత్తుకొచ్చాడు. అక్క మాత్రం ఏడుపు ఆపి, రెండు చేతులూ రొమ్ము మీద పెట్టుకుని, నోరు తెరిచి డోలునే చూస్తోంది.

కచేరీ అయ్యాక డోలు ఆయన మా దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. "తప్పయిపోయిందమ్మా. ఏడుపు ఇనపడితే చెయ్యి నా మాట ఇనదు. పెండ్లిండ్లల్లో అట్ల అలవాటు పడిపోయినా." అక్క ఆయన పెదవుల వైపు చూసింది, ఎంత అర్థమైందో తెలియదు. "నీ డోలు ఇనపడిందప్పా," అంది. "ఈడ తగిలింది." రొమ్ము చూపించింది. తర్వాత నా వైపు తిరిగి, మామూలు గొంతుతో, "సన్నాయి వినపడల్యా సరోజా. కొంచెం కూడా వినపడల్యా," అంది. ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

ఆటో ఎక్కే ముందు, ముసలాయన మొదట వాయించింది ఏ రాగమో కనుక్కురమ్మని నన్ను పంపింది. ముఖారి అని చెప్పాడాయన. ఫోన్లో పెద్ద అక్షరాలతో టైపు చేసి చూపించాను. అక్క చాలాసేపు ఆ మాటనే చూసింది. కోట గుమ్మం దాటి ఆటో రోడ్డెక్కాక, ముఖారి పాడటం మొదలుపెట్టింది. నాకు సంగీతం రాదు. అయినా ముసలాయన సన్నాయి నా చెవుల్లో ఇంకా ఉంది కాబట్టి తెలిసిపోయింది, అక్క పాట దాని మీద నిలవడం లేదు. ఒక స్వరం పైకి పోతోంది, ఇంకొకటి జారిపోతోంది. పిల్లల గొంతులో పిసరంత తేడా వస్తే పక్క గదిలోంచి సరిచేసే మనిషి. పాట ఆపి, నా ముఖంలోకి చూసి అడిగింది. "ఇదేనా? ఇట్లనే వాయించినాడా?" ఖాదర్ అద్దంలోంచి నన్ను చూశాడు. నేను తల ఊపాను. ఆమె మళ్ళీ పాడింది, జమ్మలమడుగు దీపాలు కనిపించే దాకా పాడుతూనే ఉంది.

ఒక మనిషిలోంచి సంగీతం పోవడం అంటే చెవులు మూసుకుపోవడమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. చెవుల తర్వాత గొంతు కూడా వెళ్ళిపోతుందని, ఆ సంగతి ఆ మనిషికి తెలియకుండానే వెళ్ళిపోతుందని నాకు ఆ ఆటోలోనే తెలిసింది. దుఃఖం ఆపుకోలేక బయటికి తిరిగి కూర్చున్నాను. ఆమెకు నిజం చెప్పలేదు, చెప్పను కూడా. మీరూ ఇలా చెవులు తగ్గుతున్నవాళ్ళను మైకులు లేని కచేరీకి తీసుకెళ్తుంటే ఒక మాట. నాలా సన్నాయి వైపు కూర్చోబెట్టకండి. కాస్త ముందే వెళ్ళి డోలు పక్కన చోటు పట్టుకోండి, వాళ్ళకు అదైనా దక్కుతుంది.