అభ్యంతరం లేదని రాసింది నేనే

ఏడేళ్లుగా నాలుగు మాటల బరువు మోస్తున్నాను: ‘ప్రజలకు ఎలాంటి అభ్యంతరమూ లేదు.’ వాటిని రాసింది నేనే. మీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

అప్పట్లో శంషాబాద్‌లో ఒక ఎమ్మెల్యే దగ్గర ఉత్తరాలు రాసేవాణ్ణి. కందుకూరు వైపు అడవిలో నౌకాదళం, సముద్రంలోని ఓడలకు సంకేతాలు పంపే రేడియో కేంద్రం కట్టాలనుకుంటోందనీ, ఊరివాళ్లు వద్దంటే వేరే చోటు చూడమని తానే అడుగుతాననీ ఒక మంత్రి మా సారుకు రాశారు.

"జర ఊరోళ్లను అడిగి జవాబు రాయి," అన్నారు సారు.

అడిగే పని పడలేదు. ఆ అడవిలో సీతాఫలాలు ఏరి అమ్ముకునే యాదమ్మ, కేంద్రం వద్దంటూ ఊరందరి వేలిముద్రలున్న కాగితం పట్టుకుని తానే ఆఫీసుకు వచ్చింది. కావాలనే చాలాసేపు నిలబెట్టాను. చివరికి విసిగిపోయి, అందరి ముందూ అనేసింది.

"నువ్వేమన్న ఎమ్మెల్యేవా? ఉత్తరాలు రాసెటోనివే గదా!"

జనం నవ్వారు.

అంతే. అంతకు మించి కారణం లేదు. ఏ భయమో, ఎవరి ఒత్తిడో దొరికితే నా కళ్లకు నేను కాస్త మనిషిలా కనిపిస్తానేమోనని ఇన్నేళ్లూ వెతుక్కున్నాను. దొరకలేదు.

కాగితం చింపేశాను. అభ్యంతరం లేదని జవాబు రాశాను. ఎయిర్‌పోర్టుకు పోతూ కారులోనే సారు చదవకుండా సంతకం పెట్టారు.

చెట్లు కొట్టి కంచె వేస్తుంటే ఊరివాళ్లు ఆఫీసుకు వచ్చి నిలదీశారు. "యాదమ్మనే వచ్చి సరే అని చెప్పిపోయింది," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందా మాట!

మర్నాడు ఆమెను వెంటబెట్టుకొచ్చారు.

"సారూ, కాగితం నీ చేతికే ఇచ్చిన గదా. జర వీళ్లకు చెప్పు."

"ఏ కాగితం?"

"గట్లనకు సారూ. నేను వీళ్ల నడుమనే బతకాలె."

"సరేనని నోటితోనే చెప్పినవు గదమ్మా," అన్నాను.

ఆమె సొంత చెల్లెలే ముందుకొచ్చి ఆమె ముఖాన ఉమ్మింది. నేను తల వంచుకుని ఫైలు తిరగేశాను. అప్పుడు నాకు బాగుంది. ఇన్నాళ్లూ నోట రానిది అదే. బాగుంది.

యాదమ్మ ఊరు విడిచి, పట్నంలో ఆరాంఘర్ దగ్గర ఇళ్లలో పనిచేసుకుంది. పోయిన నెల చనిపోయింది. ఊరి నుంచి ఒక్కరూ రాలేదట. నేను వెళ్లానా? లేదు. ఏ ముఖంతో వెళ్లను?

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సిన మనిషి లేదు. యాదమ్మ ఆ రోజు సరేననలేదు. వద్దంది. ఊరంతా వద్దంది. ఇది రాశాక చెయ్యి కాస్త తేలికపడింది.