చెరువు చుట్టూ తాతయ్య బాణాలు

ఇద్దరు మనుషులు కనబడితే చాలు, వాళ్ల మధ్య బాణం గీయాలని మా తాతయ్యకు చెయ్యి దురద. ఎవరి మాట ఎవరు వింటారో బాణం చెబుతుంది. ఎవరి మాటకు ఎంత బలమో పేరు మీద పేర్చిన క్యారమ్స్ బిళ్లలు చెబుతాయి. చెరువుల రక్షణ సంఘంలో ఆయన పనే అది: చెరువు మీద బతికేవాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల చేతే పెద్ద చార్టు మీద ఆ బొమ్మ వేయించడం. అది చాలక ఇంట్లోనూ అదే గోల.

"ఏం చెయ్యాలన్నా నిన్నేగా అడగాలి," అంటూ అమ్మమ్మ పేరు మీద బిళ్లలు కూలిపోయేదాకా పేర్చేవాడు.

"మరి మీకో?"

"నాకొక్కటి చాలు."

"అదీ దండగే, తీసేయండి!"

పక్కింటాయన భార్యతో పోట్లాడి వస్తే, ఓదార్చడం పోయి బాణాలు గీశాడు. "చూడు, మీ ఇంట్లో నీ మాట పిల్లి కూడా వినదు," అని తేల్చాడు. ఆయన పాపం, గొడవ మరిచి పిల్లి మీద అలిగాడు.

ఒక ఏడాది పెద్ద చెరువులో పక్షుల కోసం తుంగ పెరిగే వైపు కంచె వేయాలని సమావేశం పెట్టారు. ఈయన్ను ఒంటరిగా పంపితే పరువు తీస్తాడని అమ్మమ్మ తోడు వెళ్లింది.

అధికారి, చేపల సంఘం పెద్ద, పడవల యజమాని తలా కాసిని బిళ్లలు పెట్టారు. ఇక సంతకాలే తరువాయి. అప్పుడు మొదలయ్యాయి తాతయ్య వేషాలు. బాణం వంకరగా ఉందని చెరిపాడు. చేపల పెద్ద బిళ్లల్ని మోచేత్తో పడగొట్టి, "అయ్యో, మీకెన్నుండేవండీ?" అన్నాడు. ఆయన రెండెక్కువ చెప్పాడు. పడవలాయన ఒప్పుకోలేదు. కాసేపు అదో రభస.

"పెద్దాయనా, ఇంకెంతసేపు?" అన్నాడు అధికారి.

"అయిపోవచ్చిందండీ. ఈ రబ్బరెక్కడ పెట్టానో..."

రబ్బరు ఆయన పిడికిట్లోనే ఉంది. అమ్మమ్మకు తల కొట్టేసినట్టయింది. పక్కకు లాగి, "మతి పోయిందా మీకు?" అంది.

"తుంగ కోసేవాళ్లు రాలేదే," అన్నాడు మెల్లగా. "ఎండ ముదిరితే గానీ నీళ్లలోంచి పైకి రారు. వేళ మార్చమంటే ఈ అధికారి వినలేదు. పాత చెరువు దగ్గర నేను చకచకా ముగించాను, గుర్తుందా? అందరూ చప్పట్లు కొట్టారు. కంచె పడింది. చాపలల్లేవాళ్లు ఎటు పోయారో ఎవరికీ తెలీదు. రబ్బరు ఆనాడే పారేసుకోవాల్సింది."

అమ్మమ్మ నిండు టీ గ్లాసు తెచ్చి సరిగ్గా చార్టు నడిమధ్యన ఒలకబోసింది.

"అయ్యయ్యో, చెయ్యి జారిందండీ! మళ్లీ గీయాలి కాబోలు."

చివరికి కంచెలో తుంగవాళ్లకు దారి వదిలాకే సంతకాలు పడ్డాయి. అమ్మమ్మ ఇప్పటికీ చెప్పుకుని నవ్వేది మాత్రం అంతకుముందు ముచ్చట. నేల మీద కొత్త చార్టు పరిచారో లేదో, తుంగ కోసే ఆవిడ గుమ్మంలో నిలబడిపోయింది.

"కాళ్లకు బురదండీ."

"తొక్కుకుంటూ రా తల్లీ," అన్నాడు తాతయ్య. "చెరువు బొమ్మంటారు గానీ, పొద్దుట్నుంచీ ఇందులో లేనిది ఆ బురదే!"