అవినో వాళ్ళమ్మ పొయ్యి

సరస్సు ఒడ్డున ఉన్న కిసుము పట్నంలో మా న్యాలెండా వాడ మరుగుదొడ్ల పక్కన గ్యాస్ గుంత ఉంది. దాని గొట్టం చివర అందరూ వండుకునే పొయ్యిలు. గుంతను చూసుకోవడం నా ఉద్యోగం, దానికి మేత సిద్ధం చేయడం అపోండి పని. ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవరు. మా వైపు తల్లిని బిడ్డ పేరుతోనే పిలుస్తారు. అందుకని ఆమె అవినో వాళ్ళమ్మ.

అవినోకు పుట్టుకతోనే ఊపిరి ఇబ్బంది. బొగ్గు పొగ తగిలితే ఆ పిల్ల పక్కటెముకలు లోపలికి పోయేవి. అపోండి ఈ పనికి వచ్చిందే పొగలేని పొయ్యి కోసం. సరస్సు నుంచి గుర్రపుడెక్క తెచ్చి, సన్నగా తరిగి, బూడిదనీళ్ళలో నానబెట్టేది. పీచు మెత్తబడ్డాక మురుగుతో కలిపి, డ్రమ్ములో వెచ్చబెట్టి, కొంచెం కొంచెంగా గుంతలో పోసేది. పచ్చిగా పోస్తే పీచు పైకి తేలి అట్టకడుతుంది, గ్యాస్ సగం కూడా రాదు.

"నా కూతురికి కూడా ఇంత మెత్తగా పెట్టలేదమ్మా. ఈ గుంతకింకా పళ్ళు రాలేదు మరి," అని నవ్వేది.

వానలు మొదలవుతుండగా ఆమె భర్త చనిపోయాడు. శుద్ధి అయ్యేదాకా భర్త పోయిన ఆడది ఇతరుల పొయ్యి ముట్టకూడదు, వాళ్ళ గడప తొక్కకూడదు. అపోండి పనికి రావడం మానేసింది.

పూడ్చిన రోజు ఎద్దుల్ని కోశారు. వాడంతా తిన్నాక మిగిలిన ఉగాలి అనే మొక్కజొన్న ముద్ద, పులుసు, ఎద్దుల పొట్టల్లోని మేత బండికెత్తి గుంత దగ్గరికి తెచ్చారు.

"అంతా ఒక్కసారి పోస్తే గుంత పులిసిపోతుంది పెద్దాయనా," అన్నాను సంఘం పెద్ద ఒడిందోతో.

"చావింటికొచ్చినవాణ్ణి సగం కడుపుతో పంపిస్తామా అమ్మాయ్? పోయినవాడి పెళ్ళాం ఇన్నాళ్ళూ సాకిన గుంత ఇది. కడుపునిండా తిననీ."

"దీనికి అరగదు."

"నీ బిడ్డకు పాలు కూడా కొలిచే ఇస్తావా ఏంటి?"

అందరూ నవ్వారు. పారలతో పోసేశారు. ప్రేమగానే పోశారు.

మొదట మంట ఎగిసింది. ఒడిందో నన్ను చూసి కనుబొమ్మలెగరేశాడు. తర్వాత మంట వణికింది, ఆరిపోయింది. గ్యాస్ చేసే సూక్ష్మజీవులు ఆ పులుపుకు చచ్చిపోయాయి. మేత ఆపేసి, కాస్త బూడిదనీళ్ళు, కాస్త తాజా పేడ పోస్తూ వారాల తరబడి ఎదురుచూడడమే మిగిలింది.

వాడ మళ్ళీ బొగ్గుకు మళ్ళింది. వానకు తలుపులేసుకుని లోపలే వండారు. అపోండి తన కుంపటి వెలిగించలేదు, కూతురికి ఇరుగుపొరుగు ఇచ్చిన చల్లారిన గంజే పెట్టింది. కానీ రేకు గోడలు పక్కింటి పొగను ఆపలేదు. పిల్లతో వేరే చోటికి వెళ్దామన్నా మైలలో ఉన్నామెకు ఏ గడపా తెరుచుకోదు.

"ఇంకెన్నాళ్ళమ్మా?" అని కంచె అవతలి నుంచి అడిగేది.

"గ్యాస్ వచ్చేస్తుంది. కాస్త ఓపిక పట్టు," అనేదాన్ని.

మంట మళ్ళీ వచ్చేసరికి అవినో లేదు. పసిపిల్లల చావుకు ఎద్దుల్ని కోయరు. ఆ రోజు గుంతలో పోయడానికి ఏమీ మిగలలేదు.

శుద్ధి అయ్యాక అపోండి పనికి వచ్చింది. గుర్రపుడెక్కను ఇప్పుడు మరీ సన్నగా తరుగుతోంది. ఒడిందో బూడిద బస్తా తెచ్చి దించాడు. "అవినో..." అని పిలవబోయి ఆగిపోయాడు.

"పిలువు మామా. ఆ పేరన్నా ఉండనీ," అంది తల ఎత్తకుండా.

నా బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఆ పొయ్యి మీదే గంజి కాస్తాను. నీలి మంట, పొగ ఉండదు. అయినా మాటిమాటికీ వాడి ఛాతీ మీద చేయి పెట్టి చూస్తుంటాను. అపోండి కత్తి ఆపి, కాసేపు మమ్మల్నే చూస్తుంది.

"బాగానే ఉన్నాడు," అంటుంది. "గంజి మాడుతోంది, చూసుకో."